ఓడకి బెర్త్, బిడ్డకి బర్త్

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారాలు. మాది గాజువాక. డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. ఆరు నెలల క్రితం ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఏ ఓడ ఎప్పుడొస్తుంది, ఏ బెర్త్‌కి వెళ్తుంది అని రోజూ పార్టీలకి మెయిల్స్ పెట్టడం నా పని. పోయిన నెల ఒక ఓడ రేపు ఉదయం బెర్త్ అవుతుందని, అంటే రేవులో తన చోటికి చేరుతుందని రాస్తూ, ఆ మాటలో ఇంగ్లీషు ఇ వెయ్యాల్సిన చోట ఐ వేశాను. దాంతో అది పుట్టుక అనే మాట అయిపోయింది. ‘ఆడపిల్లా, మగపిల్లాడా?’ అని ఓడ కెప్టెన్ తిరుగు మెయిల్ పెట్టాడు. అది అందరికీ వెళ్లింది. ఆఫీసులో రెండు రోజులు అదే మాట. మా సార్ తిట్టలేదు గాని, ‘ఇంత చిన్న మాట కూడా రాకపోతే ఎలాగమ్మా’ అన్నారు. అప్పట్నుంచి ప్రతి మెయిల్ నాలుగుసార్లు చూసుకుని పంపుతున్నాను, అయినా టెన్షన్ తగ్గడం లేదు. పక్క సీటు అబ్బాయి అయితే ‘నువ్వు బెర్త్ అని పలకడమే తప్పు, ఇంగ్లీషువాళ్లు రెండింటినీ ఒకేలా అంటారు’ అంటున్నాడు. మా నాన్న పోర్టులో కళాసీగా చేసి రిటైరయ్యారు. ఆయనకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఈ రెండు మాటలూ మళ్లీ కలిసిపోకుండా ఏదైనా దారి చెప్పండి.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగిన దానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ‘ఏ బెర్త్‌కి వెళ్తుంది’ అని మీరే రాశారు. తెలుగులో రాసినప్పుడు మీ చెయ్యి ఎక్కడా తడబడలేదు. ఉత్తరం మొత్తంలో ఒక్కచోట కూడా ఓడకి ‘బర్త్’ అని రాయలేదు. అంటే ఈ రెండు మాటల తేడా మీకు తెలియక కాదు. తెలుగులో తెలిసిన తేడా ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్లేసరికి జారిపోతోంది, అంతే.

ముందు ఆ పక్క సీటు అబ్బాయి మాట చూద్దాం. అతను చెప్పింది నిజమే. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లలో చాలామంది నోట ఈ రెండు మాటలూ ఒకేలా వినిపిస్తాయి. చెవితో తేడా పట్టుకోవడం కుదరదు. అందుకే అక్కడి పిల్లలు కూడా రాసేటప్పుడు ఇ, ఐ తారుమారు చేస్తుంటారు. మనకి ఆ ఇబ్బంది లేదు. మనం ఈ మాటల్ని అక్షరాలు చూసి పలకడం అలవాటు చేసుకున్నాం. రైల్లో లోయర్ బెర్త్ అంటాం. మంత్రివర్గంలో ఫలానా ఎమ్మెల్యేకి బెర్త్ ఖాయమని పేపర్లు రాస్తాయి. ఫైనల్ బెర్త్ దక్కిందని క్రికెట్ వార్తల్లో చదువుతాం. పుట్టినరోజుకి మాత్రం బర్త్‌డే, మున్సిపాలిటీలో తెచ్చుకునేది బర్త్ సర్టిఫికెట్. ఒకదానికి ఎత్వం ఉంది, ఇంకోదానికి లేదు. ఆ ఎత్వమే మీకు ఆధారం. తెలుగులో ‘బె’ అని రాసేచోట ఇంగ్లీషులో ఇ, ఎలిఫెంట్‌లో మొదటి అక్షరం. తెలుగులో ‘బ’ అని రాసేచోట ఇంగ్లీషులో ఐ, ఇండియాలో మొదటి అక్షరం. కాబట్టి ఓడది బి-ఇ-ఆర్-టి-హెచ్, బిడ్డది బి-ఐ-ఆర్-టి-హెచ్.

ఆ అబ్బాయి మాట విని ‘బెర్త్’ అనడం మానెయ్యకండి. రేపు ఎవరైనా విదేశీ కెప్టెన్‌తో ఫోన్లో మాట్లాడినప్పుడు అతను అన్నట్టే అనండి, తప్పులేదు. ఆఫీసులో, ఇంట్లో, పోర్టు గేటు దగ్గర మాత్రం బెర్త్ అనే అనండి. అలా పలికినంతకాలం మీ చెవి మీకు స్పెల్లింగ్ చెబుతూనే ఉంటుంది. దాన్ని పోగొట్టుకుంటే బట్టీ పట్టడం తప్ప ఇంకో మార్గం ఉండదు.

మీ నాన్నగారి సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నేను అక్కడే ఆగిపోయాను. పోర్టులో కళాసీగా చేసిన మనిషి ఇంటికొచ్చి భోజనం దగ్గర ఏం మాట్లాడి ఉంటాడు? ఈరోజు ఫలానా బెర్త్ మీద పని, బొగ్గు ఓడ ఇంకా బెర్త్‌కి రాలేదు, బెర్త్ ఖాళీ లేక బయట లంగరేసి ఉంది. మీరు ఏబీసీడీలు దిద్దకముందే ఈ మాట మీ ఇంట్లో ఉంది. ఇంగ్లీషు మీడియంలో చదివిన ఎంతోమందికి బెర్త్ అంటే రైలు పెట్టెలో పడుకునే బల్ల మాత్రమే. ఓడ వచ్చి ఆనుకునే చోటుని కూడా అలాగే అంటారని వాళ్లు ఉద్యోగంలో చేరాక నేర్చుకుంటారు. మీకు అది నాన్న నోట వచ్చింది.

ఇంకో సంగతి చెబుతాను. ఇది మీ ఆఫీసులో కూడా చెప్పొచ్చు. 18వ శతాబ్దంలో ఇంగ్లీషు నావికులే ఈ మాటని ఐ తో కూడా రాసేవారు. ఓడ లంగరేసుకునే చోటు అనే అర్థంలోనే, పుట్టుక అనే మాటకున్న స్పెల్లింగ్‌తోనే. తర్వాత తర్వాత ఇ స్థిరపడింది. అంటే మీరు చేసిన పొరపాటు ఒకప్పుడు సముద్రం మీద బతికినవాళ్లు మామూలుగా రాసిన రాత. ఇవాళ అలా రాస్తే తప్పే, అందులో సందేహం లేదు. కానీ తెలివితక్కువతనం వల్ల జరిగే తప్పు కాదది.

అసలు ఈ రెండు మాటలూ ఎందుకింత దగ్గరగా ఉన్నాయని చాలామంది అడగరు. అడిగితే మంచి కథ దొరుకుతుంది. ఇంగ్లీషులో ‘బేర్’ అనే క్రియ ఉంది. ఎలుగుబంటి కాదు, మొయ్యడం. దానికే కనడం అనే అర్థం కూడా ఉంది. మనం ‘నవమాసాలు మోసి కన్నది’ అంటామే, ఆ మోయడమూ కనడమూ వాళ్లకి ఒకే మాటలో ఉన్నాయి. ‘ఐ వాజ్ బార్న్’ అనే వాక్యంలోని బార్న్ దాన్నుంచి వచ్చిందే. పుట్టుకని చెప్పే బర్త్ కూడా ఆ కుటుంబంలోదే. ఇక సంస్కృతంలో ‘భృ’ ధాతువు ఉంది. దాన్నుంచే మనకి భారం, భరించడం, భర్త అనే మాటలు వచ్చాయి. ఆ భృ, ఈ బేర్ ఒకే మూలం నుంచి చీలిన అక్కాచెల్లెళ్లని భాషాశాస్త్రం ఏనాడో తేల్చింది. ఓడ బెర్త్ పుట్టుక అంత ఖచ్చితంగా తేలలేదు గాని, అది కూడా ఆ ‘బేర్’ నుంచే వచ్చి ఉంటుందని నిఘంటువులు రాసినవాళ్లు భావిస్తారు. నావికుల భాషలో ఆ క్రియకి ఓడని ఫలానా దిక్కుకి నడపడం, పక్కకి తొలగించడం అనే వాడుక ఉంది. ఓడ నాలుగు వైపులా తిరగడానికి వదిలిపెట్టే నీళ్లని మొదట బెర్త్ అన్నారు. ఆ తర్వాతే ఓడ నిలబడే చోటు, నావికుడు పడుకునే చోటు, చివరికి రైలు ప్రయాణికుడు పడుకునే చోటు.

ఇన్ని అర్థాల్లోనూ మారనిది ఒక్కటే అమ్మా, ‘చోటు’. కాబట్టి అనుమానం వచ్చినప్పుడు మీ వాక్యంలో ఆ మాట తీసేసి తెలుగులో ‘చోటు’ పెట్టి చూడండి. తర్వాత ‘పుట్టుక’ పెట్టి చూడండి. ‘రేపు ఉదయం ఓడకి చోటు దొరుకుతుంది’, ఇది నిలబడింది. ‘రేపు ఉదయం ఓడకి పుట్టుక’, ఇది నిలబడలేదు. మంత్రివర్గంలో చోటు, ఫైనల్లో చోటు, స్లీపర్ బోగీలో చోటు. అన్నీ ఇ. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, పుట్టుమచ్చ, జననాల రేటు. అన్నీ ఐ. దీనికి మూడు సెకన్లు కూడా పట్టదు. ఇంకా చిన్న గుర్తు కావాలంటే, బెడ్ అనే మాట కూడా బి-ఇ తోనే మొదలవుతుంది, బెర్త్ కూడా అంతే. రెండూ ఒరిగే చోట్లే.

ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి నేను ఇంకో గుర్తు చెబుతుంటాను. ఇది పుస్తకాల్లో ఉండదు, వైజాగ్‌లోనే పనికొస్తుంది. మన పోర్టుకి రెండు ఓడల పేర్లు ముడిపడి ఉన్నాయి. ఒకటి జలదుర్గ, ఇంకోటి జలఉష. 1933 అక్టోబర్ 7న కొత్తగా కట్టిన ఇన్నర్ హార్బర్‌లోకి మొదట వచ్చిన ఓడ జలదుర్గ. సింధియా కంపెనీది. అది ఎక్కడో తయారై, సముద్రం దాటి, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలికి వచ్చి ఇక్కడ చోటు చూసుకుంది. జలఉష అలా రాలేదు. అది ఇక్కడే పుట్టింది. ఇప్పుడు హిందుస్థాన్ షిప్‌యార్డ్ అంటున్నామే, అప్పుడది సింధియా వారి యార్డు. మీ గాజువాక నుంచి సింధియా జంక్షన్ ఎంత దూరమో మీకు తెలియంది కాదు, ఆ పేరు అలా నిలిచిపోయింది. 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి జలఉషని నీళ్లలోకి దించారు. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో తయారై నీళ్లలోకి దిగిన మొదటి పెద్ద ఓడ అది. జలదుర్గకి విశాఖలో బెర్త్. జలఉషకి విశాఖలో బర్త్. చూశారా, ఓడకి కూడా పుట్టుక ఉంటుంది, కాకపోతే అది యార్డులో జరుగుతుంది, జెట్టీ దగ్గర కాదు. ఈ రెండు పేర్లూ ఒక కాగితం మీద రాసి మీ కంప్యూటర్ పక్కన అంటించుకోండి.

రైలు దగ్గరికొస్తే మనవాళ్లకి తప్పు జరిగే అవకాశం తక్కువ, ఎందుకంటే టికెట్ మీద ఆ మాట ఎప్పుడూ కళ్లబడుతూనే ఉంటుంది. రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లేవాళ్లకి లోయర్, మిడిల్, అప్పర్, సైడ్ లోయర్, సైడ్ అప్పర్ అని ఐదు రకాల బెర్త్‌లు నోటికొచ్చు. ఉదయం పూట వెళ్లే జన్మభూమి ఎక్స్‌ప్రెస్ తలుచుకోండి. పేరులోనే పుట్టుక ఉంది, కానీ అందులో అన్నీ కూర్చునే సీట్లే, బెర్త్‌లు ఉండవు. ఈ మాట చెప్పాక మా క్లాసులో ఒక్క పిల్లాడు కూడా మళ్లీ తప్పు రాయలేదు.

ఈ రెండు మాటలూ ఒకే టికెట్ దగ్గర కలిసే సందర్భం కూడా ఉంది, చిన్నపిల్లలతో ప్రయాణం చేసేటప్పుడు. ఐదేళ్లు నిండిన దగ్గర్నుంచి పన్నెండేళ్లు నిండేలోపు పిల్లలకి విడిగా బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ కట్టాలి. బెర్త్ అక్కర్లేదంటే సగం ఛార్జీ. 2016 ఏప్రిల్ నుంచి ఇదే నిబంధన. పిల్లల వయసుకి రుజువు అడిగితే చూపించేది బర్త్ సర్టిఫికెట్. ఆ కాగితం మీద ఐ, టికెట్ మీద ఇ. మీకు పిల్లలున్న అక్కలో వదినలో ఉంటే ఈసారి వాళ్ల టికెట్ మీరే బుక్ చేసి చూడండి, ఒక్క పనిలో రెండు మాటలూ చెయ్యి తిరుగుతాయి.

ఆదివారం ఖాళీ ఉంటే ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి ఒకసారి వెళ్లండి. ఎప్పుడో స్కూల్లో తీసుకెళ్లే ఉంటారు, ఇప్పుడు ఈ మాట కోసం వెళ్లండి. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసి, ఇప్పుడు మ్యూజియంగా ఇసుక మీద నిలబడి ఉంది. తల వంచి ఆ గుండ్రటి ద్వారాల్లోంచి ఒక్కో గది దాటుతుంటే, పైపులూ మీటర్లూ వాల్వులూ నిండిన గోడలకి నావికుల పడకలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. పక్కకి తిరిగితే గోడ తగిలేంత వెడల్పు. నేను ఒకసారి ఆ పడక అంచు మీద చెయ్యి వేసి చూశాను. రోజుల తరబడి సముద్రం అడుగున ఉండే మనిషికి తనదంటూ మిగిలేది ఆ కాస్త చోటే. బయట ఆ నావకి పోర్టులో ఒక బెర్త్, లోపల ఆ మనిషికి ఒక బెర్త్. ఒకే మాట రెండు చోట్లా ఎలా సరిపోయిందో నాకు అక్కడ అర్థమైనంత బాగా ఏ నిఘంటువులోనూ అర్థం కాలేదు.

‘వైడ్ బెర్త్ ఇవ్వడం’ అని ఇంగ్లీషులో ఒక నుడికారం ఉంది. మీకు వచ్చే మెయిల్స్‌లో అది ఎప్పుడైనా కనబడొచ్చు. ఎవరికైనా, దేనికైనా దూరంగా మసలడం అని దాని అర్థం. పక్క ఓడకి తగలకుండా నీళ్లు వదలడం నుంచి వచ్చింది. అక్కడ కూడా ఇ నే.

ఇక మీ పని సంగతి. కంప్యూటర్ ఈ తప్పుని ఎర్రగీత పెట్టి చూపించదు. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి దానికి ఏదైనా ఒకటే. ‘బెర్తింగ్’ బదులు ఐ తో టైపు చేసినా ఊరుకుంటుంది, ఎందుకంటే ప్రసవం అనే అర్థంలో అలాంటి మాట కూడా ఉంది. కానీ ప్రసవం గురించి మీ ఆఫీసు నుంచి మెయిల్ వెళ్లే పని ఎప్పటికీ పడదు. కాబట్టి ఆటోకరెక్ట్‌లో ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. ఐ తో ఆ ‘ఇంగ్’ రూపం పడినప్పుడల్లా దానంతటదే ఇ తో మారిపోయేలా పెట్టండి. ‘ఇంగ్’ లేని మాటకి మాత్రం ఈ ఏర్పాటు చెయ్యకండి. మీరు తయారుచేసే కాగితాల్లో క్రూ లిస్టు, అంటే ఓడ సిబ్బంది జాబితా ఉంటుంది. అందులో ప్రతి నావికుడి పుట్టిన తేదీ, పుట్టిన ఊరు రాయాలి. అక్కడ ఐ ఉండాల్సిందే. అన్నిటినీ ఇ గా మార్చేస్తే ఓ ఇరవైమంది పుట్టిన తేదీల గడి పేరు ఒక్క దెబ్బకి తప్పవుతుంది. ఒకే బల్ల మీద ఈ రెండు మాటలతోనూ రోజూ పనిపడే ఉద్యోగాలు చాలా తక్కువ, మీది వాటిలో ఒకటి.

ఓడ బెర్త్‌కి చేరే అంచనా టైముకి పొట్టిగా ‘ఈటీబీ’ అని మీరు రోజుకి పదిసార్లు రాస్తూ ఉంటారు కదా. తొందరలో ఉన్నప్పుడు ఆ మూడక్షరాలే వాడండి. చివరి బీ దేనికో పోర్టులో అందరికీ తెలుసు, అందులో తప్పు పోవడానికి చోటే లేదు.

మళ్లీ ఎప్పుడైనా ఇలాంటిది జరిగితే పేరాలు పేరాలు క్షమాపణ రాయకండి. ‘మా ముందరి మెయిల్‌లో బర్త్ అని ఉన్నచోట బెర్త్ అని చదువుకోగలరు’ అని ఇంగ్లీషులో ఒక్క లైను. కింద ఓడ పేరు, బెర్త్ నంబరు, టైము మళ్లీ సరిగ్గా. ఓడ వ్యాపారంలో అవతలివాళ్లకి కావాల్సింది ఆ మూడూ. ఆ రోజు మీ మెయిల్‌లో అవి మూడూ సరిగానే ఉన్నాయనుకుంటాను, లేకపోతే ఆ విషయం మీరు రాసేవారే. అంటే ఓడ రావలసిన చోటికి రావలసిన టైముకి వచ్చింది. మీ పని మీరు చేశారు.

మీ సార్ అన్న మాట నాకు నచ్చలేదు. ‘ఇంత చిన్న మాట’ అన్నారు. ఇందాకట్నుంచి ఎన్ని సంగతులు చెప్పుకున్నాం ఈ మాట గురించి. ఇది చిన్నది కాదు. నలభై ఏళ్లు ఈ ఊళ్లో ఇంగ్లీషు చెప్పాను, పదో తరగతి పిల్లలు పరీక్ష దరఖాస్తులు నింపే రోజున ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు ‘ప్లేస్ ఆఫ్’ అన్న తర్వాత ఇ తో రాసి, మన ఊరి ప్రసూతి ఆసుపత్రి పేరు ‘ఘోషాసుపత్రి’ అని పెట్టేవారు. అందులో ఒకడు ఆ తర్వాత మర్చంట్ నేవీలో చేరాడు. ఆ కెప్టెన్ జోకు మిమ్మల్ని ఏడిపించడానికి చేసిందని నేను అనుకోను. నెలల తరబడి నీళ్ల మీద ఉండేవాళ్లకి ఒక నవ్వు దొరికితే వదులుకోరు. మీ ఆఫీసువాళ్లు మాత్రం రెండో రోజుకి ఆపెయ్యాల్సింది.

నాలుగుసార్లు చూసుకోవడం మానెయ్యండి. ఒక్కసారి చూడండి, అదీ పైకి చదువుతూ, మెల్లగా, మీ యాసలో. బెర్త్ అని నోరు అంటున్నప్పుడు కన్ను ఐ ని చూస్తే అక్కడే ఆగిపోతారు. రెండు వారాలు ఇలా చేసి నాకు రాయండి.

ఒక చిన్న కోరిక. ఈ సాయంత్రం మీ నాన్నగారికి జరిగింది చెప్పండి. చెప్పాక, పోర్టులో చేరిన మొదటి రోజు ఆయన ఏ బెర్త్ మీద పనిచేశారో, ఆ రోజు అక్కడ ఏ ఓడ ఉందో అడగండి. ఆయన చెప్పింది ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసి నాకు పంపండి. నేను దిద్దను, చదువుకుంటాను.